పదిహేనేళ్ల అప్పుతో ట్రైలర్ కొనొచ్చా?

ప్రశ్న: ఇల్లు అమ్మేసి నేనూ నా భార్యా ఏడాది పొడవునా ట్రైలర్‌లోనే (బండి వెనక తగిలించి లాగే చిన్న ఇల్లు) ఉంటూ తిరగాలనుకుంటున్నాం. కొత్తది 15 ఏళ్ల లోన్‌తో తీసుకోవాలా, ఉన్న డబ్బుతో పాతది కొనాలా?

జవాబు: పాతదే కొనండి. నాలుగైదేళ్లు వాడినది, అప్పు లేకుండా.

9 శాతం వడ్డీకి 15 ఏళ్ల లోన్ తీసుకుంటే మొదటి వాయిదాలో ముప్పావు వంతు వడ్డీకే పోతుంది. ఐదేళ్లు కట్టాక కూడా అసలులో 80 శాతం బాకీ ఉంటుంది. ఈలోగా కొత్త ట్రైలర్ విలువ మూడో వంతు నుంచి సగం దాకా పడిపోవడం మామూలే. ఆరోగ్యం బాగోక మధ్యలో అమ్మాల్సివస్తే, వచ్చిన డబ్బు బ్యాంకుకిచ్చి పైన ఇంకా చేతి నుంచి కట్టాలి. అప్పటికి మీకు ఇల్లు కూడా ఉండదు.

ధర కంటే ముందు బరువు చూడండి. ఇక్కడ లెక్క తప్పి, ట్రైలర్ కొన్నాక దాన్ని లాగడానికి పెద్ద బండి కూడా కొనాల్సొచ్చిన వాళ్లు చాలామంది. ‘ఇన్ని కిలోలు లాగుతుంది’ అన్న మాట ఒక్కటే నమ్మకండి. బండి తలుపు చట్రం మీది స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో పేలోడ్, అంటే మనుషులు, సామాను, హిచ్ మీది బరువు కలిపి బండి మోయగలిగేది, చూడండి. సామాను సర్దిన ట్రైలర్ 3,000 కిలోలైతే అందులో 10–15 శాతం బండి హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడుతుంది. 13 శాతం వేసుకున్నా 390 కిలోలు. పేలోడ్ 550 అయితే మిగిలేది 160. మీరిద్దరూ ఎక్కితే అదీ అయిపోయినట్టే, బ్యాగులకు చోటుండదు. ట్రైలర్ మోయగల సామాను బరువూ అంతే ముఖ్యం: 150 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 150 కిలోలు.

పాతదానికి అసలు శత్రువు నీటి లీకు. పైకప్పు అంచుల్లో, కిటికీల చుట్టూ సీలెంట్ (నీళ్లు దిగకుండా అతుకుల్లో పూసే జిగురు) పగిలిందేమో చూడండి. మూలల్లో నేల కాలికి మెత్తగా తగిలినా, బయటి గోడ ఉబ్బినా బేరం వదిలేయండి. టైరు మీది తేదీ కోడ్ చివరి నాలుగంకెలు 3221 అయితే అది 2021లో 32వ వారంలో తయారైనట్టు. ఐదారేళ్లు దాటితే అరుగుదల లేకపోయినా కొత్త సెట్టు ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఉన్న డబ్బంతా ట్రైలర్‌కే పెట్టకండి. ఆరు నెలల ఖర్చులు, ఏటా ధరలో పదో వంతు మరమ్మతులకు, మళ్లీ అద్దె ఇంట్లోకి మారడానికి అడ్వాన్సు విడిగా ఉంచుకోండి.

చాలా బీమా పాలసీలు, వారంటీలు విహారానికి వాడితేనే వర్తిస్తాయి. ఏడాదంతా అందులోనే ఉంటామని చెప్పి, అయినా వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఇల్లు అమ్మే ముందు అలాంటి ట్రైలరే అద్దెకు తీసుకుని నెల రోజులు ఉండి చూడండి, వీలైతే వానల్లో.