పెళ్ళివారు లింకు తెరవడం లేదు!

ప్రశ్న: మాది తెనాలిలో ఫొటో స్టూడియో. ఆల్బమ్ సెలక్షన్‌కి వాట్సాప్‌లో గ్యాలరీ లింకు పంపితే, ఏవో అంకెలు, ఎవరిదో కంపెనీ పేరు చూసి మోసమేమోనని పెళ్ళివారు తెరవడం లేదు. మా పేరుతోనే లింకు వెళ్ళాలంటే ఏం చేయాలి?

జవాబు: వాళ్ళ భయం సబబే, నేనైనా తెరవను. ముందు మీ గ్యాలరీ సర్వీసులో సొంత డొమైన్ (అంటే మీ పేరుతో ఉండే వెబ్ చిరునామా) సౌకర్యం ఉందో లేదో చూడండి. చాలాచోట్ల డబ్బు కట్టే ప్లాన్‌లోనే ఇస్తారు. తర్వాత స్టూడియో పేరుతో డాట్ ఇన్ డొమైన్ కొనండి. అది మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే ఉండాలి, వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రాడి పేరు మీద వద్దు. ఇక డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగ్స్‌లో (మీ డొమైన్ ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పే చోటు) సీనేమ్ రికార్డు, అంటే ఒక పేరును ఇంకో చిరునామాకు కలిపే నమోదు, ఒకటి చేర్చండి. పేరు గడిలో 'ఫొటోస్' అని ఇంగ్లీషులో, విలువ గడిలో సర్వీసువాళ్ళు ఇచ్చిన చిరునామా. చాలాచోట్ల డొమైన్ దానంతటదే చేరుతుంది, పేరు గడిలో మొత్తం రాస్తే అది రెండుసార్లు పడి లింకు పనిచేయదు. అది తెలియక నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. మార్పు కొన్ని నిమిషాల్లోనే రావచ్చు, ఒక్కోసారి 48 గంటలూ పట్టొచ్చు, టెన్షన్ పడకండి. లింకు హెచ్‌టీటీపీఎస్‌తో (అంటే సురక్షితమైన కనెక్షన్‌తో) తెరుచుకున్నాకే పెళ్ళివారికి పంపండి. అన్నట్టు, రెండో ఏడాది రెన్యువల్ ధర ఎంతో కొనేముందే అడగండి.