స్టీవియా ఆకు పొడిని ‘పంచదారకు బదులు’ అని అమ్మొచ్చా?

సందేహం: మేం అమెరికాలో ఉంటున్నాం. నేనూ మా చెల్లెలూ కలిసి ఎండిన స్టీవియా ఆకుల పొడి దిగుమతి చేసుకుని, ప్యాకెట్ మీద ‘పంచదారకు బదులు సహజమైన తీపి’ అని వేసి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాం. ఆకుకు ఇక్కడ అనుమతి లేదని తెలిసినవాళ్లు ఒకరన్నారు. మరి సూపర్ మార్కెట్లలో స్టీవియా పొట్లాలు బోలెడు ఉన్నాయి కదా! వాళ్లకు లేని అడ్డు మాకెందుకు? సరుకు ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: డబ్బు పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారమ్మా. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ప్యాకెట్ మీద ఉంటే సరుకును ఆపేసే అధికారం అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఉంది.

సూపర్ మార్కెట్లో మీరు చూస్తున్నది ఆకు కాదు. ఆకుకు తీపినిచ్చే పదార్థాలను దానిలోంచి తీసి బాగా శుద్ధి చేసినవి, వాటినే స్టీవియాల్ గ్లైకోసైడ్లు అంటారు. వాటి స్వచ్ఛత 95 శాతానికి తగ్గకూడదు. అందులో ఒకటైన రెబాడియోసైడ్-ఎ గురించి కంపెనీలు పంపిన ఆధారాలు చూసి, 2008 డిసెంబరులో ఎఫ్‌డీఏ అభ్యంతరం చెప్పలేదు. దాంతో పానీయాల్లోకీ, పొట్లాల్లోకీ దారి తెరుచుకుంది. ఆకుకు, శుద్ధి చేయని సారానికి ఆ వెసులుబాటు లేదు. వాటి మీద 1991లో మొదలైన ఇంపోర్ట్ అలర్ట్ ఉంది. దాని ప్రకారం పెట్టె విప్పి పరీక్షించకుండానే సరుకును నిలిపేయొచ్చు.

దీనికి మూలం 1958లో ఆహార చట్టానికి చేసిన సవరణ. ఆహారంలో కలిపే పదార్థం సురక్షితమని నిపుణులు సాధారణంగా ఒప్పుకున్నదైనా అయ్యుండాలి, లేదా ముందస్తు ఆమోదమైనా పొందాలి. రుజువు చూపించాల్సింది అమ్మేవాళ్లే. పరాగ్వేలో గ్వారనీ ప్రజలు తరతరాలుగా ఈ ఆకు వాడుతున్నారన్నది నిజమే. కానీ ఎఫ్‌డీఏ దాన్ని చాలినంత రుజువుగా తీసుకోలేదు.

1994లో డైటరీ సప్లిమెంట్ల (విటమిన్లు, మూలికల్లా ఆహారానికి తోడుగా తీసుకునేవాటి) చట్టం వచ్చాక పరిస్థితి మారింది. సప్లిమెంటు హానికరమని నిరూపించే భారం ప్రభుత్వం మీద పడింది. 1995లో అలర్ట్‌ను సవరించి, సప్లిమెంటుగా అయితే ఆకును రానిచ్చారు. అంటే అదే పొడి సప్లిమెంటుగా చెల్లుతుంది, తీపి పదార్థంగా చెల్లదు. తినే మనిషికి ఇందులో తేడా ఏముంటుంది? చట్టంలోని ఈ భాగం నాకు సబబుగా అనిపించదు. అయినా అమల్లో ఉన్నది ఇదే కాబట్టి మీరు దీని ప్రకారమే నడవాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్యాకెట్ మీద ‘తీపి’ అన్న మాట తీసేసి, వెబ్‌సైట్‌లో మాత్రం కాఫీలో ఎన్ని చెంచాలు వేసుకోవాలో రాస్తారు. సరుకుతో కాకుండా విడిగా పంపిన పుస్తకాలు, కరపత్రాలు కూడా లేబులింగ్ కిందకే వస్తాయని 1948లోనే, కోర్డెల్ కేసులో, అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1998లో స్టీవియా అమ్మే ఒక చిన్న కంపెనీ తన దగ్గరున్న వంటల పుస్తకాలను కూడా నాశనం చేయాలన్నంత దాకా వ్యవహారం వెళ్లింది. వంటల పుస్తకం మీద అంత కోపమా అని అప్పట్లో పెద్ద గొడవైంది, ఎఫ్‌డీఏ తర్వాత వెనక్కి తగ్గింది. మీ కేసులోనూ తగ్గుతుందని మాత్రం నమ్ముకోకండి.

ఇక భద్రత సంగతి. 1968లో ఆకు కషాయం తాగించిన ఆడ ఎలుకల్లో సంతానం తగ్గిందని ఒక అధ్యయనం చెప్పింది. 1980లలో, ఈ గ్లైకోసైడ్లు ఒంట్లో విడిపోయాక మిగిలే స్టీవియాల్ వల్ల బ్యాక్టీరియాలో జన్యు మార్పులు కనిపించాయి. భయం అక్కడ మొదలైంది. శుద్ధి చేసిన పదార్థంతో తర్వాత జంతువుల మీద చేసిన పరీక్షలు ఆ భయాన్ని బలపరచలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ)ల సంయుక్త నిపుణుల సంఘం 2008లో రోజువారీ పరిమితిని కిలో శరీర బరువుకు 4 మిల్లీగ్రాములుగా, స్టీవియాల్ లెక్కలో, ఖరారు చేసింది. 60 కిలోల మనిషికి 240 మిల్లీగ్రాములన్నమాట. యూరప్ 2011లో అనుమతించింది కూడా శుద్ధి చేసిన పదార్థాన్నే. ఆకు పొడిలో తీపి అంశం పంటను బట్టి మారుతుంది. చెంచాకు ఎంత వస్తుందో మీరు చెప్పలేరు. ఆకు విషయంలో రక్తంలో చక్కెర, మూత్రపిండాలు, గుండె, సంతానోత్పత్తి గురించిన సందేహాలకు సమాధానం రాలేదన్నది ఎఫ్‌డీఏ వాదన. దాన్ని కొట్టిపారేయలేం. ‘మొక్కే కదా, ఏమవుతుంది’ అన్న మాట కొనేవాళ్లతో అనకండి.

మీకు రెండు దారులున్నాయి. తీపి కోసమే అమ్మాలనుకుంటే 95 శాతం స్వచ్ఛత ఉన్న సరుకు, ప్రతి బ్యాచ్‌కూ ల్యాబ్ సర్టిఫికెట్‌తో తెప్పించుకోండి. నేనైతే ఇదే చేయమంటాను. ఆకే అమ్ముతామంటే ‘డైటరీ సప్లిమెంట్’ అని స్పష్టంగా రాసి, సప్లిమెంట్ ఫ్యాక్ట్స్ పట్టిక వేయండి. ప్యాకెట్ మీదే కాదు, వెబ్‌సైట్‌లోనూ, వీడియోల్లోనూ తీపి ఊసే రాకూడదు. షుగర్ వ్యాధి తగ్గిస్తుందని రాశారో, దాన్ని మందుగా లెక్కేస్తారు. అది ఇంకా పెద్ద చిక్కు.

సరుకు ఇప్పటికే బయల్దేరి ఉంటే, నోటీసు వచ్చినప్పుడు కంగారుపడి ఊరుకోకండి. అందులో ఇచ్చిన గడువులోపు జవాబివ్వండి. లేబుల్ మార్చుకునే అనుమతి కోసం ఫారం 766 పెట్టుకోవచ్చు. ఇన్‌వాయిస్, లేబుల్ నమూనా పట్టుకుని అక్కడ దిగుమతి వ్యవహారాలు చూసే లాయరును ముందే కలవండి.