నమ్మకం లేనివాళ్లు బైబిలు చదవడం గురించి, ఒక కొత్త రచయిత్రికి

అమ్మాయికి,

నీ కథా, దాంతో పాటు నువ్వు రాసిన ఉత్తరమూ అందాయి. నిజం చెప్పనా, కథ కంటే ఉత్తరమే బాగుంది. కథలో నీ కుర్రాడికి అన్నీ తెలుసు. ఉత్తరంలో నీకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలని ఉంది. "మా ఇంట్లో దేవుడి పటం కూడా లేదు మాస్టారూ, అయినా ఈ మధ్య రాత్రిళ్లు బైబిలు చదువుతున్నాను, నాన్నకి చెప్పలేదు" అని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యంలో ఉన్న ప్రాణం నాకు కథ మొత్తంలో కనపడలేదు.

నమ్మకం లేకుండా చదవొచ్చా అని అడిగావు. భేషుగ్గా చదవొచ్చు. నేనూ నమ్మను, అయినా చదువుతూనే ఉన్నాను. మీది విజయవాడ. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, తర్వాత మీ ఊరికి తీసుకొచ్చిన నాస్తిక కేంద్రం ఒక పక్క. ఫిబ్రవరి వచ్చిందంటే మేరీమాత కోసం జనం ఎగబడే గుణదల కొండ ఇంకో పక్క. ఈ రెంటి మధ్యా పెరిగిన పిల్లకి కుతూహలం లేకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇక కథ. భర్త జబ్బు పడ్డాక తల్లి చర్చికి వెళ్లడం మొదలుపెడుతుంది. ఇంజనీరింగ్ చదివే కొడుకు పాస్టరు దగ్గరికెళ్లి, మత్తయి సువార్తలో యోసేపు తండ్రి పేరు యాకోబు అని ఉంది, లూకాలో హేలీ అని ఉంది, ఏది నిజం అని నిలదీస్తాడు. ఆదికాండంలో మొదటి అధ్యాయంలో ఒక సృష్టి, రెండో అధ్యాయంలో ఇంకో సృష్టి ఎందుకున్నాయని అడుగుతాడు. పాస్టరు నోట మాట రాదు. తల్లికి కళ్లు తెరుచుకుంటాయి. కథ అయిపోతుంది.

పాస్టరు నోట మాట రాకపోవడం ఏమిటమ్మా? ఆ రెండు వంశావళుల గొడవ క్రైస్తవులకి తొలి శతాబ్దాల నుంచీ తెలుసు. దాని మీద వాళ్లు రాసుకున్న వ్యాఖ్యానాలకి లెక్కే లేదు. బైబిలు కాలేజీలో చదివొచ్చిన మనిషి ఆ ప్రశ్న విని తెల్లబోడు, టీ తాగుతావా బాబూ అంటాడు. నీ కుర్రాడు నెగ్గింది పాస్టరు మీద కాదు, నువ్వు తయారుచేసిన బొమ్మ మీద. అవతలివాడికి కూడా బుర్ర ఉందని ఒప్పుకున్నప్పుడే వాదన కథలో నిలుస్తుంది.

అసలు నేను నీకు చెప్పదలచుకున్నది ఒకటే. ఆ పుస్తకంలోకి సందేహాన్ని నువ్వు బయటి నుంచి మోసుకెళ్లక్కర్లేదు. అది అక్కడే ఉంది, ఎవరూ దాచిపెట్టలేదు. యోబు గ్రంథం చూడు. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒంటి నిండా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషిని పరామర్శించడానికి స్నేహితులు వస్తారు. నువ్వేదో పాపం చేసుంటావు, దేవుడు అన్యాయం చేయడు అని అధ్యాయాల తరబడి నీతులు చెబుతారు. యోబు ఒప్పుకోడు. దేవుణ్నే సంజాయిషీ అడుగుతాడు. తీరా చివర్లో దేవుడు తప్పుపట్టేది ఎవరిని? తనని వెనకేసుకొచ్చిన స్నేహితుల్ని. నా సేవకుడైన యోబులాగా మీరు నన్ను గురించి సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. దేవుడి మాటకి యోబు తలొంచుతాడు, నిజమే. కానీ దేవుడి పక్షాన వాదించినవాళ్లే మొట్టికాయ తిన్నారన్నది మర్చిపోకు. కీర్తనల్లో 88వది కూడా చదువు. మొర పెట్టుకోవడంతో మొదలై చీకటితోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు లేదు. ఎవరో దాన్ని పాటగా కట్టారు, ఇంకెవరో దాన్ని కీర్తనల్లో చేర్చారు, రెండువేల ఏళ్లకి పైగా జనం దాన్ని అలాగే ఉంచుకున్నారు.

మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో మూర్ఛలొచ్చే కొడుకుని తీసుకొచ్చిన తండ్రి ఒకడున్నాడు. పిల్లాడు నోట నురగ కక్కుతూ ఒక్కోసారి నిప్పుల్లో పడతాడు, ఒక్కోసారి నీళ్లలో పడతాడు. నీవల్ల ఏమైనా అయితే సాయం చెయ్యి అంటాడు తండ్రి. నమ్మేవాడికి సమస్తమూ సాధ్యమే అని జవాబొస్తుంది. అప్పుడా తండ్రి అన్న మాట: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." నీ కథలో తల్లి ఉండాల్సింది అక్కడ. భర్త ఐసీయూలో ఉన్న మనిషి, ఆ పూటకి ఆ రెండూ ఆమెలోనే ఉంటాయి. నువ్వేమో నమ్మకమంతా తల్లికిచ్చి, అనుమానమంతా కొడుక్కిచ్చావు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నావు. ఆదికాండంతో మొదలుపెట్టి వరసగా పోకు. అలా పోయినవాళ్లలో చాలామంది లేవీయకాండంలో బలుల లెక్కల దగ్గర పుస్తకం మూసేస్తారు. మార్కుతో మొదలుపెట్టు. నాలుగు సువార్తల్లో చిన్నది, అన్నిటికంటే ముందు రాసింది అదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చివర్లో ఆడవాళ్లు సమాధి దగ్గరికి వెళ్తారు, అది ఖాళీగా ఉంటుంది, వణికిపోతూ పారిపోయి భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు. నాలుగో శతాబ్దపు పాత రాతప్రతుల్లో మార్కు అక్కడితో, పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. మన తెలుగు బైబిల్లో ఇరవయ్యో వచనం దాకా ఉంటుంది, ఆ మిగతాది తర్వాత చేరిందని చాలామంది అంటారు. కథలు రాసేదానివి కదా, ఎనిమిదో వచనం దగ్గర ఒకసారి ఆగి చూడు. ఆ తర్వాత ప్రసంగి, యోబు. పౌలు ఉత్తరాలు ఇప్పుడే వద్దు, అవి వేరే తలనొప్పి.

ఇక నీ కుర్రాడు పట్టుకున్న తేడాల సంగతి. వాటిని నమ్మేవాళ్లు ఏం చేసుకుంటారో చూడాలంటే గుడ్ ఫ్రైడే రోజు ఏ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలోనో లూథరన్ చర్చిలోనో వెనక బెంచీలో కూర్చో. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. ఎండాకాలం, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, చాలామంది ఉపవాసం మీద ఉంటారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరూ లేచి ప్రసంగిస్తారు. మాటకీ మాటకీ మధ్య పాట. ఈ ఏడు మాటలూ కలిపి ఏ ఒక్క సువార్తలోనూ లేవు. మార్కులోనూ మత్తయిలోనూ ఉన్నది ఒక్కటే, నా దేవా నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచితివి అన్న కేక. అది లూకాలో లేదు, యోహానులో లేదు. లూకాలో యేసు తనని చంపేవాళ్లని క్షమించమంటాడు, పక్క సిలువ మీది దొంగకి పరదైసులో, అంటే స్వర్గంలో, ఉంటావని మాట ఇస్తాడు, తండ్రి చేతికి ఆత్మని అప్పగిస్తాడు. యోహానులో తల్లిని శిష్యుడికి అప్పజెబుతాడు, దప్పిక అంటాడు, సమాప్తమైనది అంటాడు. మూడు రకాల చావులు. నీ కుర్రాడైతే వీటిని పక్కపక్కన పెట్టి చూశారా తేడా అంటాడు. చర్చి కూడా పక్కపక్కనే పెట్టింది. కాకపోతే ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని కొట్టేయకుండా, ఏడింటినీ వరసగా పేర్చి ఆ మధ్యాహ్నం మూడు గంటలు వాటి కింద కూర్చుంటుంది. చెయ్యి విడిచితివి అన్న కేక కూడా కొత్తది కాదు, 22వ కీర్తన మొదటి పంక్తి. చనిపోయే మనిషి పాత పాటొకటి అందుకున్నాడన్నమాట. ఆ నాలుగో మాట మీద మాట్లాడే మనిషి గొంతు ఎక్కడ తడబడుతుందో గమనించు. నాకు అక్కడ ప్రతిసారీ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాలకీ వెళ్లు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, నువ్వు రక్షణ పొందావా అమ్మా అని. లేదండీ, వినడానికొచ్చాను అని చెప్పు. నీ కోసం ప్రార్థన చేస్తామంటారు, చేయనీ. వాదన పెట్టుకోకు, నమ్మినట్టు నటించనూ వద్దు. గుంటూరు దగ్గర ఒక ఊళ్లో అలాంటి కూటంలో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ బైబిలుకి జిప్పున్న నల్ల కవరు. లోపల జనవరి ఒకటిన ఇచ్చిన వాగ్దానం కార్డు (ఆ ఏడాదికని ఒక బైబిలు వచనం రాసిచ్చేది), ఒక కరెంటు బిల్లు, మనవడి పాస్‌పోర్టు ఫొటో. కీర్తనల పేజీల అంచుల్లో బాల్ పెన్నుతో తేదీలు. ఒక తేదీ పక్కన "ఆపరేషన్" అని ఉంది, ఇంకో దాని పక్కన "చిన్నోడి ఎంసెట్", మరోచోట తేదీ ఒక్కటే. అదేమిటని నేను అడగలేదు. కథకి కావలసింది ఆ అంచు. వచనం అందరికీ ఒకటే, అంచు మాత్రం ఆవిడ సొంతం.

చిన్న తప్పులు కొన్ని దిద్దుకో. నీ పాస్టరు జనం పాపాల ఒప్పుకోలు వింటున్నాడు, ఆయన చర్చిలో మేరీమాత విగ్రహం ఉంది, ఆయనకి పెళ్లయింది. అలా కుదరదు. ఒప్పుకోలు, మాత విగ్రహం, పెళ్లి లేని ఫాదరు కాథలిక్కుల దగ్గర. పెళ్లయిన పాస్టరుగారు ప్రొటెస్టంట్ల దగ్గర. వాళ్ల బైబిల్లో 66 పుస్తకాలు, కాథలిక్కులకి 73. సీఎస్ఐ, లూథరన్ వాళ్లు పసిపిల్లలకీ బాప్తిస్మం ఇస్తారు, బాప్టిస్టులు ఇవ్వరు, ఊహ తెలిశాక నీళ్లలో ముంచి ఇస్తారు. ముందు నీ చర్చి ఏదో తేల్చుకో. డిసెంబరులో సెమీ క్రిస్మస్ గురించి, అదే పండక్కి ముందే చేసుకునే వేడుక గురించి రాశావు, అది మాత్రం పక్కాగా ఉంది.

ఇంకొకటి, ఇది చిన్నది కాదు. నీ కుర్రాడు ఒకచోట "తిండి కోసం మతం మారినవాళ్లు" అంటాడు, కథ ఆ మాటని ప్రశ్నించకుండా వదిలేస్తుంది. ఒంగోలు సంగతి చదువు. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం అడిగినవాళ్లకి కరువు పని జరిగినన్నాళ్లూ ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. వాళ్లు ఎందుకొచ్చారో ఒక్క ముక్కలో చెప్పలేం. తిండి ఉంది, నిజమే. ఊరు ముట్టుకోనివ్వని మనిషిని పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోవడమూ ఉంది. చదువు ఉంది. నమ్మకం కూడా ఉంది, దాన్ని లెక్కలోంచి తీసేసే హక్కు నీకూ నాకూ లేదు. విశ్వాసిగా ఉన్నంత మాత్రాన కులం పోయిందా అంటే అదీ లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీలో వేస్తారు. అందుకే సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరుతో బతికే కుటుంబాలున్నాయి. దాన్ని మోసంగా చూపించి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఆ రెండు పేర్లతో బతికే అమ్మాయి ఇంటర్వ్యూలో పేరు చెప్పేముందు పడే టెన్షన్ రాయగలిగితే రాయి. మన సాహిత్యానికి ఇది కొత్త సంగతేం కాదు, జాషువా గారికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది క్రీస్తు చరిత్రకే.

నువ్వు రాత్రిళ్లు ఏం చదువుతున్నావో నాన్నకి చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు. నాకు తెలిసి హేతువాదులు బైబిలు బాగానే చదువుతారు, ఆయన బీరువాలో కూడా ఒకటి ఉండే ఉంటుంది, గీతలు పెట్టి మరీ.

కథ తిరగరాశాక పంపు. ఈసారి పాస్టరుగారి భార్యని కాస్త పట్టించుకో. అమ్మగారూ అని అందరూ ఆవిణ్నే కదా పిలిచేది. ఉపవాస ప్రార్థనకి ఎవరు రాలేదో, ఎవరి మొగుడు తాగొచ్చాడో, కానుకల సంచిలో ఈ వారం ఎంత తగ్గిందో ఆవిడకి తెలుసు. నీ కథలో ఆవిడ రెండుసార్లు మంచినీళ్లు తెచ్చి వెళ్లిపోయింది. కొడుకు అలా నిలదీస్తున్నప్పుడు ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది కదా, ఎవరి వైపు చూసిందో అక్కణ్నుంచి మొదలుపెట్టు.

ఇట్లు,
మీ మాస్టారు