బారువ అలలకు ఎల్‌ఈడీ ఎందుకు వెలగలేదు?

ప్రశ్న: పీవీసీ గొట్టంలో అయస్కాంతం పెట్టి, చుట్టూ రాగి తీగ చుట్టి, 20 లీటర్ల క్యాన్‌కు కట్టాం. చేత్తో ఊపితే ఎల్‌ఈడీ వెలుగుతోంది, సముద్రంలో వెలగదు. ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, బారువ

జవాబు: గొట్టమూ అయస్కాంతమూ అలతో కలిసే లేచి, కలిసే దిగుతున్నాయి. ఒకటి ఊగుతుంటే రెండోది నిలబడాలి. అయస్కాంతం కింద నైలాన్ తాడు కట్టి, అడుగున సిమెంటు దిమ్మకు బిగించండి. పైన రబ్బరు పట్టీతో గొట్టానికి లాగి కట్టండి. రబ్బరు లేకపోతే అల దిగినప్పుడు తాడు వదులై చిక్కుపడుతుంది. క్యాన్ పూర్తిగా మునిగితే సుమారు 20 కిలోల బలంతో పైకి లాగుతుంది. సిమెంటు నీటిలో దాదాపు 40 శాతం బరువు కోల్పోతుంది కనుక దిమ్మ 45 కిలోలైనా ఉండాలి.

ఇక వేగం. 8 సెకన్లకో అల వస్తే అది మీ చేతి ఊపు కాదు, వోల్టేజి పడిపోతుంది. సన్న తీగతో చుట్లు పెంచండి. ఒకే పొడవాటి చుట్ట వద్దు: రెండు ధ్రువాలూ దానిలోనే ఉంటే వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయస్కాంతమంత పొడవున్న చుట్టలు నాలుగు, ఒక్కోదానికి వేరే బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల అమరిక). మామూలు సిలికాన్ డయోడ్ల బ్రిడ్జి 1.4 వోల్టులు మింగేస్తుంది, అంతకంటే తక్కువ మింగే షాట్కీ డయోడ్లు వాడండి.

ఇనుప బోల్టులు వద్దు, అయస్కాంతం అతుక్కుపోతుంది. అల విరిగేచోట దింపవద్దు. పడవవాళ్ల సాయంతో ఆవల వేయించండి.