ఎర్రగా కాలిన ఇనుమును అయస్కాంతం ఎందుకు పట్టుకోదు?

ప్రశ్న: కొలిమిలో బాగా ఎర్రగా కాలిన ఇనుప మేకు అయస్కాంతానికి అంటుకోలేదు, చల్లారాక ఎప్పటిలాగే అంటుకుంది. ఇనుము కరగకుండానే ఆ గుణం ఎక్కడికి పోయింది?

జవాబు: పోయినది పరమాణువుల అయస్కాంతత్వం కాదు, అవన్నీ ఒకే దిక్కుకు నిలిచేలా వాటి మధ్య ఉన్న పొత్తు. ఇనుములో ప్రతి పరమాణువూ తన ఎలక్ట్రాన్ల స్పిన్ (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా ప్రవర్తింపజేసే సహజ గుణం) కారణంగా ఒక చిన్న అయస్కాంతమే. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటినా ఆ చిన్న అయస్కాంతాలు చాలావరకు నిలిచే ఉంటాయి గాని, వేడి పుట్టించే కల్లోలంలో తలో దిక్కుకు తిరిగిపోయి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి. 1895లో వేడికీ అయస్కాంతత్వానికీ ఉన్న సంబంధాన్ని శ్రద్ధగా కొలిచిన పియరీ క్యూరీ పేరిట ఈ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

నిజానికి ఆశ్చర్యపడవలసింది, అంత వేడి వరకూ అవి ఒకే దిక్కున ఎలా నిలిచాయన్న దానికే. రెండు దండాయస్కాంతాల్లాగా పరమాణువులు ఒకదాన్నొకటి తిప్పుకుంటాయని అనుకుంటే, ఆ బలం పరమశూన్య ఉష్ణోగ్రతకు (సుమారు −273 డిగ్రీల సెల్సియస్) ఒకటి రెండు డిగ్రీల పైనే చెదిరిపోయేంత స్వల్పమని లెక్క చెబుతుంది. 1907లో భౌతిక శాస్త్రవేత్త పియరీ వైస్ పదార్థం లోపల ఒక ప్రబలమైన క్షేత్రం ఉందని ఊహించి లెక్కలు కుదిర్చాడు గాని, దాని మూలాన్ని చెప్పలేకపోయాడు. 1928లో మరో భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ చూపిన మూలం అసలు అయస్కాంత బలం కాదు, విద్యుత్ వికర్షణ! ఒకే స్పిన్ గల రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండరాదన్నది పౌలీ నియమం కాబట్టి, స్పిన్‌లు ఒకే దిశలో ఉన్న ఎలక్ట్రాన్లు ఎడంగా మసలుతాయి. ఆ ఎడం వల్ల వాటి మధ్య వికర్షణ శక్తి తగ్గుతుంది. ఇలా మిగిలే శక్తినే వినిమయ శక్తి అంటారు. అయితే స్పిన్‌లన్నిటినీ ఒకే దిశకు తిప్పితే ఎలక్ట్రాన్ల గతిజశక్తి పెరుగుతుంది. రాగి, అల్యూమినియం వంటి లోహాల్లో ఈ భారానిదే పైచేయి కనుక అవి ఇనుములా పరమాణువులన్నీ ఒకే దిక్కుకు నిలిచే ఫెర్రో అయస్కాంతాలు కాలేదు.

హద్దు వద్ద జరిగే ఈ ప్రావస్థ మార్పు (పదార్థం ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారడం) మంచు కరగడం వంటిది కాదు. వేడెక్కేకొద్దీ పొత్తు క్రమంగా సడలి, హద్దు దగ్గర వేగంగా సున్నాకు చేరుతుంది. గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెరగకుండా మార్పుకే ఖర్చయ్యే వేడి) ఉండదు, శుద్ధమైన ఇనుములో స్ఫటిక నిర్మాణం మారేది కూడా ఆ తరువాత 912 డిగ్రీల వద్దనే. గడోలినియం అనే లోహానికి ఈ హద్దు దాదాపు 20 డిగ్రీలే, అంటే మన వేసవి మధ్యాహ్నం అది ఫెర్రో అయస్కాంతంగా నిలవలేదు.

మరొక పరీక్ష చేసి చూడండి. అయస్కాంతంతో రుద్ది అయస్కాంతంగా మార్చిన మేకును అలాగే కాల్చి చల్లార్చితే, అయస్కాంతానికి అంటుకుంటుంది గాని తాను గుండుసూదులను లాగలేదు; చల్లారేటప్పుడు పొత్తు తిరిగి కుదిరినా, అది వేర్వేరు దిశలకు మొగ్గిన అనేక చిన్న ప్రాంతాలుగా కుదురుతుంది.