వైద్య పరిశోధనలో స్త్రీలు: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పీహెచ్‌డీ చేసే వీలు లేదు. పరిశోధకురాలిగా పైకి రాగలనా?

జవాబు: రాగలరు. గెర్ట్రూడ్ ఎలియన్ చదువు మాస్టర్స్‌తోనే ఆగింది. 1944లో ఆమె బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జ్ హిచింగ్స్ దగ్గర చేరారు. ఉద్యోగం చేస్తూనే డాక్టరేట్‌కి చదవబోతే, పూర్తికాలం చదవాల్సిందేనన్నారు. ఆమె ఉద్యోగాన్నే ఎంచుకున్నారు. 1988లో హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు.

ఆమె పని తీరు గమనించండి. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏకి ప్యూరిన్లు అనే ముడి అణువులు కావాలి. ప్యూరిన్‌లా కనిపిస్తూ ఒక్క పరమాణువు తేడా ఉన్న అణువును ఇస్తే వేగంగా పెరిగే కణం మోసపోయి దాన్ని వాడుకుంటుంది, అక్కడే చిక్కుకుంటుంది. ఆక్సిజన్ ఉండాల్సిన చోట గంధకం పెడితే వచ్చినదే ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మందు 6-మెర్కాప్టోప్యూరిన్. ఈ మందును శరీరంలో జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ విరగ్గొట్టేస్తోందని దాన్ని అడ్డుకోవడానికి అల్లోప్యూరినాల్‌ను పరీక్షించారు. యూరిక్ ఆమ్లం తయారయ్యేది కూడా ఆ ఎంజైమ్‌తోనే. అలా యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు నొప్పెట్టే గౌట్‌కి మందు దొరికింది. అవయవ మార్పిడిలో వాడే అజాథయోప్రిన్, హెర్పిస్ వైరస్ మందు ఎసైక్లోవిర్ కూడా ఈ దారిలో వచ్చినవే. నాలుగు జబ్బుల వెంట పరుగెత్తకుండా ఒకే రకం అణువులను దశాబ్దాల పాటు పట్టుకున్నందుకు దక్కిన ఫలం ఇది.

మీరూ ఒక పద్ధతినో ఒక అణువుల కుటుంబాన్నో ఎంచుకుని, దాని గురించి ఎవరికి సందేహం వచ్చినా మీ దగ్గరికే రావాలన్నంత లోతుగా నేర్చుకోండి. పేపర్లలో, పేటెంట్లలో పేరు ఉండేలా చూసుకోండి. కంపెనీ మారినప్పుడు వెంట వచ్చేది అదే. ఒక పరిమితి మాత్రం తెలిసి ఉండాలి: విశ్వవిద్యాలయాల్లో సొంత ల్యాబ్‌కి, సొంత గ్రాంట్‌కి సాధారణంగా డాక్టరేట్ అడుగుతారు. పరిశ్రమలోనూ, క్లినికల్ ట్రయల్స్‌లోనూ ఆ పట్టింపు తక్కువ.

ప్రశ్న: కణాలు పెంచి, స్లైడ్లు చేసి, ఫలితం రాబట్టింది నేను. పేపర్ తయారయ్యేసరికి ఫస్ట్ ఆథర్‌గా (రచయితల వరుసలో మొదట) వేరొకరి పేరు వినిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 46కు బదులు 47 క్రోమోజోములు ఉన్నాయని 1958లో పారిస్‌లో తేలింది. ఆ కణాలను పెంచింది వైద్యురాలు మార్త్ గోతియే. అమెరికాలో కణాల పెంపకం నేర్చుకుని వచ్చి, ఏ వసతీ లేని ఆసుపత్రిలో కోడిపుంజు ప్లాస్మాతో, కోడి పిండాల సారంతో, తన రక్తం నుంచే తీసిన సీరంతో ఆ పని నడిపారు. ఆమె మైక్రోస్కోప్‌కు ఫొటో తీసే అమరిక లేదు. ఫొటోల కోసం స్లైడ్లను సహోద్యోగి జెరోమ్ లెజూన్‌కి ఇచ్చారు. 1959 జనవరిలో వచ్చిన పేపర్లో ఆయన పేరు ముందు, ఆమె పేరు రెండోది, అదీ అక్షరదోషంతో. స్లైడ్లతో పాటే పేరూ చేజారింది. ఆ ఆవిష్కరణలో ప్రధాన పాత్ర లెజూన్‌ది అయ్యే అవకాశం తక్కువని ఫ్రాన్స్ వైద్య పరిశోధన సంస్థ ఇన్‌సెర్మ్ నైతిక సంఘం చెప్పింది 2014లో. లెజూన్ పేరిట ఉన్న ఫౌండేషన్ దాన్ని ఒప్పుకోదు.

అందుకే మొదటి సూత్రం: అసలు స్లైడ్లు, ముడి ఇమేజ్ ఫైళ్లు ఎవరికి ఇచ్చినా కాపీ మీ దగ్గర ఉండాలి, ఇచ్చినట్టు ఈమెయిల్ ఉండాలి. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ, కణాల బ్యాచ్, పాసేజ్ సంఖ్య (కణాలను ఎన్నిసార్లు కొత్త పాత్రలోకి మార్చారో), రియేజెంట్ (వాడిన రసాయనం) లాట్ నంబరు ఆ రోజే రాయండి. వారం తర్వాత జ్ఞాపకం మీద రాసినది రుజువుగా నిలవదు. ల్యాబ్ డేటా సంస్థ ఆస్తి కాబట్టి కాపీ విషయంలో సంస్థ నియమాలు ముందే తెలుసుకోండి.

రెండోది చాలామంది పట్టించుకోరు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ లెక్క ప్రకారం ఆథర్ అనిపించుకోవడానికి నాలుగు షరతులు ఉన్నాయి: పరిశోధన ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర, పేపర్ రాయడం లేదా లోతుగా సరిదిద్దడం, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. ప్రయోగం చేసి ఊరుకున్నవారు రెండో షరతు దగ్గర దెబ్బతిని కృతజ్ఞతల పేరాలోకి జారిపోతారు. మెథడ్స్ భాగం, బొమ్మల కింది వివరణలు ఎవరూ అడగకముందే రాసి ఈమెయిల్‌లో పంపండి. మొదటి షరతు తీరినవారికి పేపర్ రాయడంలో, సరిదిద్దడంలో, చివరి ఆమోదంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని అదే కమిటీ చెబుతోంది. అవసరమైతే ఆ మాట చూపించండి.

పేర్ల వరుసను మాత్రం ఏ కమిటీ నిర్ణయించదు, ఆథర్లే తేల్చుకోవాలి. గైడ్‌తో ఒంటరిగా కూర్చుని, ఏ బొమ్మకి ఎవరు ఏం చేశారో ఒక పేజీలో పెట్టి మాట్లాడండి. మాట్లాడాక "ఇలా అనుకున్నాం" అని అదే రోజు ఈమెయిల్ పెట్టండి. ఇద్దరి పనీ సమానమైతే సమాన ఫస్ట్ ఆథర్లుగా వేయమనవచ్చు. పత్రికకు పేపర్ పంపాక గొడవ పడితే కష్టం. తగవు తీర్చే పని సంపాదకులు నెత్తిన వేసుకోరు, సంస్థకే తిప్పి పంపుతారు.

ప్రశ్న: గర్భవతిని. ల్యాబ్‌లో చెబితే ప్రాజెక్టు నుంచి తప్పిస్తారేమోనని భయం. మూడో నెల దాటాక చెప్పవచ్చా?

జవాబు: అంతవరకు ఆగకండి. బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునేది ఆ తొలి వారాల్లోనే. ఊరంతటికీ చెప్పనక్కర్లేదు, భద్రతా అధికారికి చెప్పి గోప్యంగా ఉంచమనండి.

ముందుగా మీరు ముట్టుకునే ప్రతి రసాయనం సేఫ్టీ డేటా షీట్‌లో పునరుత్పత్తికి హాని అన్న భాగం చదవండి. ఫార్మమైడ్, క్యాన్సర్ మందులు, జంతువులకు మత్తిచ్చే వాయువులు, జెల్‌గా గడ్డకట్టకముందు ఎక్రిలమైడ్ వంటివి వేరొకరికి అప్పగించండి. పలుచని నైట్రైల్ గ్లౌజుల్లోంచి క్లోరోఫాం త్వరగా చొచ్చుకుపోతుంది. సర్జికల్ మాస్కు ఏ ఆవిరినీ ఆపదు, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఆపుతుంది. రేడియేషన్ ఉన్నచోట, గర్భం తెలియజేసిన తర్వాత మిగిలిన నెలలన్నిటికీ కలిపి పిండానికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదని అంతర్జాతీయ సిఫారసు. నడుము దగ్గర, సీసపు ఆప్రాన్ లోపల పెట్టుకునే డోసిమీటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) అడగండి. రేడియోధార్మిక అయోడిన్‌కి పూర్తిగా దూరంగా ఉండండి, బిడ్డ థైరాయిడ్ దాన్ని పట్టుకుంటుంది. టాక్సోప్లాస్మా, సైటోమెగాలోవైరస్, రుబెల్లా, లిస్టీరియా ఉన్న నమూనాలు కూడా అంతే.

ప్రాజెక్టు పోకుండా ఉండాలంటే చెప్పేటప్పుడే ప్రత్యామ్నాయం తీసుకెళ్లండి: ఏ మెట్టు ఎవరు చేస్తారు, దాని విశ్లేషణ మీరెలా చూస్తారు, ఆ నెలల్లో ఏ భాగం రాస్తారు. చేతి పని మారినా ఆథర్ వరుస మారదని అప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: పిల్లల కోసం రెండేళ్లు ఆగాను. గ్రాంట్ దరఖాస్తులో దాన్ని ఎలా రాయాలి?

జవాబు: తేదీలతో ఒక్క వాక్యం చాలు. క్షమాపణలు, ఆరోగ్య వివరాలు వద్దు. పేపర్లను పనిచేసిన సంవత్సరాలతో లెక్కించి చూపండి. అర్హత గడువు పెంపు ఉందేమో తప్పక చూడండి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ తల్లులకు బిడ్డకి 18 నెలల చొప్పున పెంచుతుంది.

పక్షపాతం లేదని మేము అనం. స్వీడన్ వైద్య పరిశోధన మండలి దస్త్రాలను క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ తవ్వి తీసి 1997లో ప్రచురించిన లెక్క ఇది: పురుషుడితో సమానమైన మార్కు రావడానికి స్త్రీకి సుమారు 2.5 రెట్లు ఎక్కువ పని చూపాల్సి వచ్చింది. కెనడాలో గ్రాంట్ల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, దరఖాస్తుదారును తూచినప్పుడు స్త్రీపురుషుల మధ్య తేడా పెరిగింది, ప్రాజెక్టును తూచినప్పుడు దాదాపు మాయమైంది. కాబట్టి ఎంపిక చేసుకునే వీలుంటే, ఎక్కువ మార్కులు ప్రాజెక్టుకి ఇచ్చే పథకానికే ముందు దరఖాస్తు చేయండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో మగ ఎలుకలనే వాడతారు. ఆడ ఎలుకల్లో హార్మోన్ల వల్ల ఫలితాలు చెదిరిపోతాయంటారు. నిజమేనా?

జవాబు: చాలాకాలం అలాగే నమ్మారు. 2014లో వందల పేపర్ల డేటా కలిపి చూస్తే, హార్మోన్ల చక్రం ఏ దశలో ఉందో పట్టించుకోకుండా కొలిచినా ఆడ ఎలుకల ఫలితాల్లో ఒడిదుడుకులు మగవాటికన్నా ఎక్కువ లేవు. ఆడవాటిని వదిలేస్తే నష్టం రోగులకు. నిద్రమందు జోల్పిడెమ్ ఆడవారి ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, మామూలు మాత్రలో వారి డోసును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది 2013లో, మందు మార్కెట్లోకి వచ్చిన ఎన్నో ఏళ్లకు.

ఎలుకల సంఖ్య రెట్టింపు చేయనక్కర్లేదు. ప్రతి గ్రూపులోనూ సగం ఆడ, సగం మగ పెట్టి, విశ్లేషణలో లింగాన్ని ఒక కారకంగా చేర్చండి. ఆడవాటిని ఒక వారం, మగవాటిని మరో వారం పరీక్షిస్తే మాత్రం తేడా లింగానిదో వారానిదో తేలదు. రెండింటినీ ఒకే రోజు, కలగలిపిన వరుసలో చేయండి.