ఆక్సిమీటర్‌లో 98 ఉన్నా ఆయాసం ఎందుకు వస్తుంది?

మీ నాన్నగారికి కిడ్నీ జబ్బు, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ 7 గ్రాములే. వేలికి ఆక్సిమీటర్ పెడితే 98 వస్తోంది, అయినా మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు, మీటరు పాడైందా అని అడిగారు. పాడవలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో మాలాంటి ఇళ్లన్నింటిలో ఈ అనుమానం ఏదో ఒక రోజు వస్తుంది.

ఆ 98 శాతం లెక్క. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. కాశీబుగ్గ బస్టాండులో ప్రతి ఆటో నిండుగానే కదులుతోంది, కానీ సగం ఆటోలే తిరుగుతున్నాయి అనుకోండి. అదీ సంగతి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ మోసేది సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్. 14 గ్రాములుంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 19 మిల్లీలీటర్లు ఉంటుంది, 7 ఉంటే తొమ్మిదికి కాస్త పైన.

మా అమ్మ పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. పొద్దంతా కూర్చుని చేసినా ఏమీ అనేది కాదు. బోరు దగ్గర నుంచి బిందె ఎత్తుకొస్తే మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. ఆశా కార్యకర్త కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే లేదు.

కూర్చున్నప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తం నుంచి ఒంటికి కావలసింది దాదాపు 5 మిల్లీలీటర్ల ఆక్సిజనే. ఆరోగ్యవంతుల రక్తం కూడా 98 శాతంతో బయలుదేరి 75 దగ్గర వెనక్కి వస్తుంది. పనిచేసే కండరంలో వేడి, కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం పెరిగి హిమోగ్లోబిన్ పట్టు సడలుతుంది, అవసరమున్న చోటే ఎక్కువ ఆక్సిజన్ దిగుతుంది. ఇందులో కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని 1904లో క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు వివరించారు (అణువు నమూనాతో పేరు తెచ్చుకున్న నీల్స్ బోర్‌కు ఈయన తండ్రి). నాకు ఇందులో ముచ్చటేసేది ఈ విడిచిపెట్టడమే. గట్టిగా పట్టుకోవడమే తెలిసిన హిమోగ్లోబిన్ ఉండి ఏం లాభం?

రక్తం తక్కువైనప్పుడు ఎర్రకణాల్లో 2,3-బీపీజీ అనే పదార్థం పెరిగి ఈ సడలింపును ఇంకాస్త పెంచుతుంది, గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది. కూర్చున్నంతసేపు ఆ సర్దుబాటు చాలుతుంది, మెట్ల దగ్గర చాలదు.

ఇరుగుపొరుగు ఆక్సిజన్ పెట్టించమంటారు. ఉన్న హిమోగ్లోబిన్ అప్పటికే నిండిపోయింది, ఇక రక్తంలో విడిగా కరిగేది చాలా తక్కువ. ఎర్రకణాల తయారీకి సంకేతమిచ్చే ఎరిత్రోపోయిటిన్ హార్మోను ప్రధానంగా కిడ్నీల నుంచే వస్తుంది, లోటు అక్కడుంది. దాని ఇంజెక్షన్లు ఉన్నాయి, అయితే ఒంట్లో ఇనుము చాలకపోతే అవి సరిగా పనిచేయవు. కాబట్టి ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష సంగతి డాక్టరుగారిని అడగండి. పడుకుంటే ఆయాసం పెరుగుతున్నా, కాళ్లు వాస్తున్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూ ఉండవచ్చు, అప్పుడు ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.